నవ్వుతూ వెతికిన భూగోళం

పిల్లల టీవీ కార్యక్రమాన్ని విమర్శకు తీసుకోవడం మన పత్రికల్లో అంతగా అలవాటు లేదు. అయినా సాహసిస్తున్నాను. బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాడికి ఇదేం పని అంటారా, ఆ కార్యక్రమంలోనూ లెక్కలున్నాయి.

దాని పేరు 'వేర్ ఇన్ ది వరల్డ్ ఈజ్ కార్మెన్ శాండియేగో?' అమెరికాలో పి.బి.ఎస్. వారు 1991 నుంచి 1995 దాకా 295 భాగాలు ప్రసారం చేశారు. 1985 నాటి కంప్యూటర్ ఆట దీనికి మూలం. అమెరికన్ల భూగోళ జ్ఞానం అంతంతమాత్రమని నేషనల్ జియోగ్రఫిక్ సర్వే ఒకటి బయటపెట్టడం ఒక ప్రేరణ. పాత రికార్డింగులు ఈమధ్య మా తమ్ముడి కూతురితో కలిసి వరసగా చూశాను.

కథ చిన్నది. కార్మెన్ ముఠా దొంగ ఎక్కడిదో ఒక ప్రసిద్ధ కట్టడాన్నో వస్తువునో ఎత్తుకుపోతాడు. డిటెక్టివులైన ముగ్గురు పిల్లలు ఆధారాలు విని వాడెక్కడున్నాడో చెప్పాలి. నడిపించేది గ్రెగ్ లీ. ఆజ్ఞలిచ్చే 'చీఫ్' లిన్ థిగ్‌పెన్. వాయిద్యాలు లేకుండా నోటితోనే సంగీతం పలికించే రాకపెల్లా బృందం పక్కనే ఉంటుంది. హాస్యంలో చాలాభాగం ముందే రాసుకున్నది. కానీ పిల్లలు ఏం జవాబిస్తారో ఎవరు రాసిపెట్టగలరు? ఆ తడబాటును అందుకుని, వాళ్ళను చిన్నబుచ్చకుండా అప్పటికప్పుడు మాట కలపడంలోనే గ్రెగ్ లీ నేర్పంతా ఉంది. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఇది తిరగేసిన రూపం. అక్కడ పృచ్ఛకుడు ఏకాగ్రత చెడగొడతాడు, ఇక్కడ అడిగేవాడు భయం పోగొడతాడు.

ప్రతివారికీ మొదట వంద 'క్రైమ్ బక్స్' జమ. మొదటి అంచె చివర యాభై దాకా పందెం కాయవచ్చు. వెనకబడ్డ పిల్లలు ఉన్నదంతా ఒడ్డే తీరు చూస్తే మా అప్పుల విభాగం గుర్తొచ్చింది, అది వేరే కథ.

లోపాలు లేకపోలేదు. దేశమంటే ఒక కట్టడం, ఒక నది, ఒక రాజధాని. అక్కడ మనుషులున్నట్టే అనిపించదు. ప్రపంచమంతా గాలించి గెలిచిన పిల్లలకు బహుమతి ప్రయాణమేమో మొదట్లో అమెరికా లోపలికే, తర్వాత కూడా ఉత్తర అమెరికా దాటలేదు! ఇది నాకు మింగుడుపడలేదు.

అయితే చివరి అంచె అన్నీ మరిపిస్తుంది. నేల మీద గది పట్టేంత పటం. నలభై అయిదు సెకన్లు. ఊరో దేశమో పేరు వినబడగానే దీపపు స్తంభం పట్టుకుని పరుగెత్తి సరిగ్గా అక్కడ నిలపాలి. బట్టీ పట్టిన పేరు నోటికి రావచ్చు గాని కాళ్ళకు రాదు. ఆఫ్రికా పటం మీద దిక్కుతోచక నిలబడ్డ ఒక కుర్రవాడిని చూసి నేనే కుర్చీలో ముందుకు జరిగాను.

మరొకటి. కార్యక్రమం మొదలైన ఏడాదే, 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ విడిపోయింది. అందుకే కాబోలు, ఇందులోని సమాచారం రికార్డు చేసిన నాటికి సరైనదేనని చివర ఒక వాక్యం వేసేవారు. నాకు నవ్వు రాలేదు. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో తేలిన బళ్ళారి మాది. ఇల్లు కదలకుండానే పటం మారడమంటే ఏమిటో మా పెద్దలు చెప్పగా విన్నవాళ్ళం.

ఇక అసలు సంగతి. ఆ ముఠాలో ఒకతె పేరు ప్యాటీ లార్సెనీ. చిల్లర దొంగతనాన్ని ఇంగ్లీషులో పెటీ లార్సెనీ అంటారు, దాని మీద శ్లేష. మా పిల్ల వెంటనే నవ్వింది. ఆ పిల్లే ఆదివారం తెలుగు తరగతికి వెళ్తుంది. అక్కడ గుణింతాలున్నాయి, నీతిపద్యాలున్నాయి, నవ్వడానికి మాత్రం ఒక్క మాట లేదు. బయట ఉన్న మనం పిల్లలకు భాషను మందులా పోస్తున్నాం. ఆటలో చేర్చడం లేదు.

మన దొంగకు నువ్వొక పేరు పెట్టమన్నాను. ఆలోచించింది, రాలేదు. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే "చేతివాటం చెంచయ్య" అంది. నేను పడీపడీ నవ్వాను. పిల్ల నా ముఖం చూసి, "చేతివాటం అంటే ఏంటి పెద్దనాన్నా?" అంది.

చెప్పాను. నేను వివరించేసరికి టీవీలో రెండో అంచె మొదలైపోయింది.