కాల్మాడ్యులిన్ బొమ్మ: చూపినదీ, చూపనిదీ

కాల్షియము అనగానే విద్యార్థికి ఎముకలు, పళ్ళు జ్ఞాపకము వచ్చును. హైదరాబాదు పాతబస్తీ పిల్లవాడైతే చార్మినారు గచ్చులోని సున్నమును, తాంబూలములోని సున్నమును కూడ చెప్పగలడు. ఇదంతయు కదలక కూర్చున్న కాల్షియము. జీవకణములో తిరుగాడు కాల్షియము సంగతి వేరు. విశ్రాంతిగా ఉన్న కణములో స్వేచ్ఛగా ఉండు కాల్షియము అయానుల సాంద్రత, వెలుపలి సాంద్రతలో సుమారు పదివేలవ వంతు మాత్రమే. ప్రేరణ అందగానే అది పదిరెట్లు పెరుగును. ఆ పెరుగుదలను పసిగట్టి ఎంజైములకు అందించు మాంసకృత్తులలో ముఖ్యమైనది కాల్మాడ్యులిన్. ఇది 148 అమైనో ఆమ్లముల గొలుసు. నాలుగు కాల్షియము అయానులకు ఇందులో చోటున్నది.

దీని ఆకారమును వెల్లడించిన 1985 నాటి పరిశోధన పత్రములో మొదటి పేరు తెలుగు ఇంటిపేరే: యార్లగడ్డ ఎస్. బాబు. అమెరికాలో బర్మింగ్‌హామ్ నగరమందలి అలబామా విశ్వవిద్యాలయమున ఆయనయు, సహచరులును ఎక్స్-కిరణములతో కాల్మాడ్యులిన్ స్ఫటికమును పరిశీలించిరి. రెండు గుండ్లు, నడుమ పొడవైన కడ్డీ – తాలింఖానాలో పహిల్వాను ఎత్తు డంబెల్ వలె కనబడినది.

ఆ బొమ్మలో దోషము లేదు. దోషమెల్ల దానిని వాడుకొనుటలో ఉన్నది. పాఠ్యగ్రంథములు తరచుగా దానినొక్కదానినే అచ్చువేసి, ప్రక్కన 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పిన తాళము, తాళపుచెవి పోలికను తగిలించును. డంబెల్ ఏ తాళములో దూరును? స్ఫటికములో కనబడినది ఆ అణువు భంగిమలలో ఒకటి మాత్రమే. 1992లో ఇకురా, బాక్స్ మొదలగువారు ద్రావణములోనే, అయస్కాంత అనునాద పద్ధతిలో, కండరపు ఎంజైము ఒకదాని ముక్కతో కూడియున్న కాల్మాడ్యులిన్‌ను పరిశీలించిరి. నడిమి కడ్డీ వంగి, రెండు గుండ్లును ఆ ముక్కను రెండు అరచేతుల వలె పట్టుకొని ఉన్నవి!

కావున తాళపుచెవికంటె లాడ్ బజారు లక్కగాజు మేలైన పోలిక. లక్క మెత్తబడి, వంగి, చుట్టుకొనును. అయితే ఇదియు కొంతదూరమే నడచును. వేడికి లక్క అంతయు మెత్తబడును. కాల్షియము మాత్రము ఒక్కొక్క గుండులో నీటికి విముఖమైన ఒక్క చోటును తెరచును. ఎంజైము ముక్క ముఖ్యముగా అక్కడనే అతుకును.

"కాల్షియము వచ్చును, కాల్మాడ్యులిన్ అతుకును, ఎంజైము మేల్కొనును" అను మూడు మెట్ల పాఠము మరియొక చిక్కు. గ్లైకోజెను విచ్ఛిత్తిని నడుపు ఫాస్ఫోరిలేజ్ కైనేజ్‌లో నాలుగు రకముల ఉపభాగములు, నాలుగేసి చొప్పున పదహారు ఉన్నవి. వానిలో డెల్టా అనునది కాల్మాడ్యులినే అని 1978లో తెలిసినది. కాల్షియము లేనప్పుడును అది అక్కడే ఉండును. అది ఇంటిమనిషి, వచ్చిపోవు చుట్టము కాదు.

కాల్సిన్యూరిన్ అను ఎంజైములో ఇద్దరును కలరు. ఎ ఉపభాగము పనిచేయునది. కాల్మాడ్యులిన్‌ను పోలిన బి ఉపభాగము దానిని విడువక ఉండును. కాల్షియము పెరిగినప్పుడు కాల్మాడ్యులిన్ చుట్టముగా వచ్చి ఎ భాగమునకు అతికి, దాని క్రియాస్థానమును మూసియున్న తునకను తొలగించును. మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవారికిచ్చు సైక్లోస్పోరిన్ మందు, సైక్లోఫిలిన్ అను మాంసకృత్తితో జతకూడి, ఎ, బి భాగములు కలియు చోటనే కూర్చొని ఎంజైమును అడ్డగించును. ఎ భాగమునొక్కదానినే గీసి చూపు పుస్తకములో ఆ చోటు ఎక్కడ దొరకును?