క్షయను ఎదిరించు ఆవు: ఒక సూచికపై విమర్శ

ఒకే కొట్టములో, ఒకే మేత మేసి పెరిగిన ఆవులలో క్షయ ప్రవేశించినపుడు కొన్ని దానికి లోబడును, కొన్ని లోబడవు. ఈ భేదములో కొంత భాగము తల్లిదండ్రులనుండి వచ్చినదే. దానిని అంకెలలో పెట్టి రైతు చేతికిచ్చిన ప్రయత్నము 2016 జనవరిలో బ్రిటనులో వెలువడిన ‘టీబీ అడ్వాంటేజ్’ సూచిక. క్షయవలన ఏటేట వేలాది పశువులు వధశాలకు పోవుచున్న దేశమది. ఆరున్నర లక్షలకు పైగా హోల్‌స్టీన్ ఆవుల వ్యాధిచరిత్రను పరిశీలించి ఎడింబరో విశ్వవిద్యాలయమువారు, స్కాట్లండు గ్రామీణ కళాశాలవారు దీనికి ఆధారమైన పరిశోధన చేసిరి.

ఆబోతులకు సాధారణముగా -3 నుండి +3 వరకు గుర్తులు పడును. మందలో క్షయ పుట్టినపుడు, గుర్తు ఒకటి పెరిగినకొలది ఆ ఆబోతు సంతతి ఆవులలో వ్యాధి పాలగునవి నూటికి ఒకటి చొప్పున తగ్గునని అంచనా. భేదములో అనువంశికమైన భాగము సుమారు 9 శాతమే. మిగిలినది పోషణ, కొట్టము, పొరుగు మందలు, బాడ్జరు అను అడవిజంతువు మొదలగువాటి వలన వచ్చునది. ఇంత చిన్న అంకెను దాచక చెప్పుట మెచ్చదగినది. కృత్రిమ గర్భోత్పత్తిచే ఒక్క ఆబోతు వేలాది దూడలకు తండ్రి కాగలదు గనుక, చిన్న లాభమైనను తరతరమునకు కూడుచు పోవును.

చిక్కు మరియొకచోట నున్నది. వ్యాధి పాలైనదని తేల్చునది ప్రధానముగా చర్మపరీక్ష. మెడపై ఒకచోట పశుక్షయ ట్యుబర్కులిను, ఇంకొకచోట పక్షిక్షయ ట్యుబర్కులిను ఎక్కించి, 72 గంటల తరువాత రెండు వాపులను కొలిచి పోల్చెదరు. ఆ వాపు తెలుపునది క్రిమిని కాదు, క్రిమిని ఎరిగిన టి-కణముల జ్ఞాపకమును. కావున వాపురాని ఆవు క్రిమి అంటనిదో, అంటినను అణచివేసినదో కావచ్చును. లోపల క్రిమి పెరుగుచున్నను చర్మముపై తెలుపనిదియు కావచ్చును. వీటినన్నిటిని ఒకే గాటన కట్టినచో, నిరోధశక్తికి బదులు దాగుడుమూతల నేర్పును పెంచుదుమేమో!

సూచికకర్తలు ఈ ఆక్షేపణను ఎరుగనివారు కారు. వధశాలలో కనబడిన క్షయగ్రంథులను, ప్రయోగశాలలో క్రిమి పెరిగినదా లేదా అనుదానిని కూడ లెక్కలోనికి తీసికొనిరి. 2009లో ఐర్లండు పాడి ఆవులపై ప్రకటింపబడిన పరిశోధనలో చర్మస్పందనకు 14, ధ్రువపడిన వ్యాధికి 18 శాతము అనువంశికత కనిపించినది. ఆ రెండును జన్యుపరముగా దగ్గరి చుట్టములని తేలినది. ఇది బలమైన సమాధానమే, కాని సంపూర్ణము కాదు. కోసి శ్రద్ధగా వెదకునది పరీక్షలో పట్టుబడిన ఆవును. పట్టుబడనిదానికి జరుగునది మాంసమునకై వచ్చు పశువులన్నిటికి జరుగు మామూలు తనిఖీయే. సాక్ష్యములోనే ఒకవైపు మొగ్గున్నది.

మరియు సూచిక చెప్పునది ఏ ఆవుకు వ్యాధి సోకుననియే. సోకిన పిదప ఏ ఆవు క్రిమిని ఎక్కువగా వెదజల్లి పక్కనున్న ఆవుకు అంటించునో, ఆ లెక్క ఇందులో లేదు.