పదిహేడు అంగుళాల అంచున

వంద మైళ్ల వేగంతో వచ్చే బంతిని చూసి నోరెళ్లబెట్టడానికి రసజ్ఞత అక్కర్లేదు, భయం చాలు. బేస్‌బాల్ పిచర్ గ్రెగ్ మ్యాడక్స్ బంతిని ఆస్వాదించాలంటే మాత్రం కాస్త నిలిచి చూడాలి. మీద పడి బెదరగొట్టే ఆట కాదది.

ఎడమచేతి బ్యాటర్ నిలబడి ఉంటాడు. మ్యాడక్స్ కుడిచేతివాటం. రెండు కుట్ల మీద వేళ్లు ఆనించి విసిరిన ఫాస్ట్‌బాల్ సరాసరి బ్యాటర్ తుంటి మీదికే బయల్దేరుతుంది. తగులుతుందన్న భయంతో అతను ఒళ్లు వెనక్కి లాక్కుంటాడు. చివరి కొన్ని అడుగుల్లో బంతి ఒంగి, పదిహేడు అంగుళాల హోమ్ ప్లేటు లోపలి అంచును రాసుకుంటూ వెళ్లి క్యాచర్ గ్లవ్‌లో వాలుతుంది. గ్లవ్ ఉన్నచోటు నుంచి కదలదు. స్ట్రైక్! లేట్ స్వింగ్‌కి పులకించిన క్రికెట్ అభిమానికి ఈ సొగసు కొత్త కాదు. కానీ ఇక్కడ బంతి నేలను తాకదు, పిచ్ సాయమంటూ ఏమీ ఉండదు. మాయంతా వేళ్లదే.

తర్వాతి బంతికీ అదే ఊపు, అదే చెయ్యి. వేగం మాత్రం తగ్గిపోతుంది. దూసుకొచ్చే బంతి వేగం మనిషి కంటికి సరిగ్గా అందదని మ్యాడక్స్ గట్టి నమ్మకం. అందుకే ఆయన బ్యాటర్ చూపుతో ఆడుకున్నాడు. కావ్యానికి ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యం నాకు ఆయన పిచింగ్‌లోనే కళ్లకు కట్టింది: ఏ బంతి, ఎవరికి, ఎప్పుడు, ఏ అంచున. ఒక్కటీ ఎక్కువ కాదు, ఒక్కటీ వృథా కాదు.

లాస్ వెగస్‌లో పెరిగే రోజుల్లోనే రాల్ఫ్ మేడర్ అనే గురువు వేగం కన్నా కదలికా, గురీ ముఖ్యమని నూరిపోశాడు. ఆ విద్య వెంటనే పండలేదు. 1987లో చికాగో కబ్స్‌కి ఆడి ఆరు ఆటలు గెలిచాడు, పద్నాలుగు ఓడాడు. మరుసటి ఏడే పద్దెనిమిది గెలిచాడు. 1992 నుంచి 1995 దాకా వరసగా నాలుగేళ్లు, లీగ్‌లో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఆయనదే. అప్పటివరకూ ఎవరికీ దక్కని ఘనత అది. ఆ నాలుగింటిలో మూడు అట్లాంటా బ్రేవ్స్‌లో చేరాక వచ్చినవి. బ్యాట్లు విజృంభిస్తున్న 1994లో, 95లో తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఆయన ఇచ్చిన సగటు పరుగులు (ఫీల్డింగ్ తప్పిదాల వల్ల వచ్చినవి మినహా) 1.56, 1.63. ఆ 95 వరల్డ్ సిరీస్ తొలి ఆటలో, భయంకరమైన బ్యాటింగ్ ఉన్న క్లీవ్‌లాండ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్‌లో దక్కినవి రెండే హిట్లు.

నాకు మాత్రం అంతకన్నా ప్రియమైనది 1997 జూలైలో రిగ్లీ ఫీల్డ్‌లో కబ్స్ మీద ఆడిన ఆట. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌నీ ఎనభై లోపు బంతులతో, రెండు గంటల పైచిలుకులో ముగించాడు. ఇవాళ ఆట మొదలెట్టే చాలామంది పిచర్లకు ఐదారు ఇన్నింగ్స్‌కే అన్ని బంతులూ ఖర్చవుతాయి. బ్యాటర్‌ని స్ట్రైకవుట్ చెయ్యడం ఆయన లక్ష్యం కాదు. అతని చేతే బంతిని నేలబారుగా, నీరసంగా కొట్టించాలి. అలా తనవైపు దొర్లుకుంటూ వచ్చిన బంతుల్ని అందుకోవడంలోనూ ఆయనకు సాటి లేదు. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు పద్దెనిమిది గెలిచాడు. మైదానంలో ఏ స్థానంలో ఆడినవాడికీ అన్ని రాలేదు.

వయసు వేగాన్ని తీసుకుపోయింది, గురిని ముట్టుకోలేకపోయింది. 2007లో, నలభై ఒకటో ఏట, శాన్ డియాగో పాడ్రెస్‌కి 198 ఇన్నింగ్స్ విసిరి పాతిక వాక్‌లే (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇచ్చాడు. మరుసటి ఏడు ఆట చాలించేసరికి విజయాలు 355, స్ట్రైకవుట్లు 3,371. ఐదు వేల ఇన్నింగ్స్ దాటిన ఆ జీవితమంతటిలో ఇచ్చిన వాక్‌లు 999. వెయ్యో వాక్ ఏ బ్యాటర్‌కీ దక్కలేదు.