‘హిప్’ – ఒక శబ్దవిచారణ

అమెరికను నవలలను తెనిగించబూనిన వారికి తరచుగా అడ్డుపడే చిన్నమాట ఒకటి ఉన్నది. అది ‘హిప్’. తుంటి అని అర్థమిచ్చే మాటతో దీనికి రూపసామ్యమే గాని సంబంధం లేదు. నిఘంటువు తెరిస్తే ‘సరికొత్త పోకడలకు తగినట్లున్న’ అన్న అర్థం కనిపిస్తుంది. దానినిబట్టి అనువాదకుడు ‘అధునాతనమైన’ అనో, ‘నవనాగరికమైన’ అనో, వ్యవహారానికి దగ్గరగా ఉండవలెననుకొంటే ‘షోకైన’ అనో వ్రాసి ముందుకు సాగుతాడు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. కాని ఇవన్నీ ఆ మాట చరిత్రలోని చివరి దశను మాత్రమే పట్టుకొంటాయి. మొదటి దశను విడిచిపెట్టినందువల్ల కలిగే నష్టం సామాన్యమైనది కాదు.

ఈ మాట 1904 నాటికే అచ్చులో కనిపిస్తున్నది. దాని జంటరూపమైన ‘హెప్’ కూడ దాదాపు ఆ కాలానిదే. అప్పటి అర్థం ‘తెలిసిన’, ‘కనిపెట్టిన’ అని. ఒక విషయానికి ‘హిప్’ అయి ఉండడమంటే ఆ విషయంలోని గుట్టు ఎరిగి ఉండడమే. వేషంతో ఆ ప్రయోగానికి పనిలేదు. మాట పుట్టుకను గురించి వాదాలున్నవి. పశ్చిమాఫ్రికాలోని వొలొఫ్ భాషలో కన్నులు తెరచుకొనడాన్ని తెలిపే పదంనుండి వచ్చినదని 1960ల చివర ఒక ప్రతిపాదన వెలువడినది. ఊహ ఆకర్షణీయమైనదే, కాని నడుమ లంకెను చూపే లిఖితాధారం లేనందున నిఘంటుకారులు పలువురు దానిని అంగీకరించలేదు.

పుట్టుక ఎట్టిదైనా, మాటను పెంచి పోషించినవారు ఆఫ్రికన్ అమెరికన్ జాజ్ సంగీతకారులు. 1938లో గాయకుడు, వాద్యబృంద నాయకుడు అయిన క్యాబ్ కాలవే తమవారి పలుకుబళ్ళను చేర్చి ‘హెప్‌స్టర్స్ డిక్షనరీ’ అన్న చిన్న నిఘంటువు వెలువరించాడు. అందరికీ అర్థం చెప్పిన తరువాత గుట్టు గుట్టుగా నిలువదు గదా! 1940లు గడిచేసరికి ‘హెప్’ అనడమే వెనుకబడినతనానికి గుర్తయినది. లోపలివారు ‘హిప్’ అనసాగారు. ఎకారం ఇకారమైనంత మాత్రాన లోపలివారెవరో బయటివారెవరో తేలిపోయినది.

ఈ ఎరుకకు అంత విలువ ఎందుకు వచ్చినదో గ్రహించవలె. వర్ణవివక్షకు చట్టమే అండగా నిలిచిన రాష్ట్రాలు గల దేశంలో నల్లజాతివానికి ఎదుటివాని మనసు ముందుగా కనిపెట్టడం ఆత్మరక్షణకు అవసరమైన విద్య. 1957లో నార్మన్ మెయిలర్ ‘డిసెంట్’ పత్రికలో ‘ది వైట్ నీగ్రో’ అన్న వ్యాసం వ్రాసి, ప్రమాదంతో సహజీవనం చేసే నల్లవాని తీరును తెల్లజాతి ‘హిప్‌స్టర్’ స్వీకరిస్తున్నాడని చెప్పి, దానినొక తత్త్వంగా నిలబెట్టబోయాడు. 1961లో జేమ్స్ బాల్డ్విన్, మెయిలర్‌పై స్నేహం చంపుకొనకుండానే, నల్లవారిని గురించి తెల్లవారు అల్లుకొన్న పాత కల్పనలనే అతడు తిరిగి నెత్తికెత్తుకొన్నాడని ఆక్షేపించాడు. బాల్డ్విన్ పక్షమే నాకు సమంజసంగా తోస్తుంది. ఒకరికి విధిలేక అబ్బిన ఎరుక మెయిలర్ వ్యాసంలో మరొకరు ఏరి తొడుగుకొనే అలంకారమైనది.

ఆ తరువాతి కథ వేగంగా నడిచినది. 1960ల నడుమ ‘హిప్’ నుండి వచ్చిన ‘హిప్పీ’ శబ్దం శాన్‌ఫ్రాన్సిస్కో యువకులకు పేరై పత్రికలకెక్కినది. 1967 అక్టోబరులో ఆ నగరంలోని హైట్ ఆష్‌బరీ పేటలో, ఆ పేరు పత్రికల సొత్తైపోయినదన్న విసుగుతో, లోపలివారే ‘హిప్పీ’కి ఉత్తుత్తి శవయాత్ర జరిపారు. 1970లలో ఆ మాట మన ఊళ్ళలో వినవచ్చేసరికి, అది చెవులమీదికి పెరిగిన జుట్టుకు పేరైనది. మంగలి దుకాణంలో ఒక క్రాఫు అయి కూర్చున్నది. డెబ్బై ఏండ్లలో ఎరుక కాస్తా జుట్టుగా మారినదన్న మాట! 2000 తరువాత ‘హిప్‌స్టర్’ మళ్ళీ లేచినది గాని, అప్పటికి అందులో సగం ఎగతాళి.

ఇట్టి పరిణామం మనకు కొత్తది కాదు. మన ‘జాణ’ శబ్దాన్ని చూడండి. అది తెలియుట అనే అర్థంగల ‘జ్ఞా’ ధాతువునుండి ప్రాకృతం మీదుగా వచ్చినదని పండితులు చెప్పుతారు. నేర్పరి, వివేకి అనే అర్థంలో దానికి పూర్వం గౌరవమున్నది. ఈనాడు జాణ అనగానే తోచేది ఒయ్యారపు చూపు, మాటకారితనం. అక్కడ వలెనే ఇక్కడకూడ తెలివి వెనుకకు పోయి హొయలు ముందుకు వచ్చినది.

కనుక ‘హిప్’కు ఒకే తెలుగుమాట వెదకడం వృథాశ్రమ. పలికినవారెవరు, ఏ కాలంలో పలికారు అన్నది ముందు తేల్చుకొనవలె. 1940లనాటి జాజ్ వాద్యకారుని నోట అది ‘గుట్టెరిగిన’ అనే మాటకు దగ్గరగా ఉంటుంది. 1960ల చివరి దుకాణదారు దానిని వాడితే ‘సరికొత్త మోస్తరు’ అంటే చాలును. నేటి కథలో ఎగతాళిగా వినిపిస్తే ‘షోకిల్లా’ ఒప్పుతుంది. మూడుచోట్లా ‘అధునాతనమైన’ అని వ్రాసి ఊరకుండే అనువాదకుడు, తనకు తెలియకుండానే, ఆ వాద్యకారుని ఎరుకను దుకాణదారు సరుకుగా మార్చివేస్తున్నాడు. మెయిలర్ తెలిసి చేసిన పనినే అతడు తెలియక చేస్తున్నాడు.