గోడ మీది హాస్యం

"ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అని ప్రహరీ పొడవునా పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. గోడ పాడు కాకూడదని రాసిన ఆ అక్షరాలే గోడను మొదట ఆక్రమిస్తాయి. కొన్నాళ్లకు ఆ వాక్యం మీదనే సినిమా పోస్టరు వెలుస్తుంది. నిషేధించే ప్రకటన, నిషిద్ధమైన ప్రకటన ఒకే గోడను పంచుకునే ఈ దృశ్యంలో హాస్యాన్ని ఎవరూ సంకల్పించలేదు. మన బహిరంగ సూచనలలోని హాస్యం చాలావరకు ఈ కోవకు చెందినదే. అయితే ఆ నవ్వు వెనుక పరిపాలనకు సంబంధించిన గంభీరమైన ప్రశ్న ఒకటి దాగి ఉంది.

ఈ సూచనల భాషను ముందుగా పరిశీలించాలి. "ప్రవేశము నిషేధించడమైనది" అన్న వాక్యంలో కర్త కనిపించడు. నిషేధించినదెవరు, ఎందుకు, మినహాయింపు కావలసినవారు ఎవరిని అడగాలి అన్నవి పాఠకుని ఊహకే వదిలివేయబడతాయి. ఇక "రాదు" అనే క్రియ సంగతి మరింత విచిత్రం. "ఇచ్చట కూర్చుండరాదు" అంటే శాసనం. అదే మాటను ఇంటికి వచ్చిన చుట్టంతో కొంచెం దీర్ఘం తీసి "కూర్చోరాదూ!" అంటే ఆహ్వానం. ఒక్క దీర్ఘంతో నిషేధాన్ని ఆదరణగా మార్చగల భాషలో, కార్యాలయాలు హ్రస్వాన్నే ఎంచుకున్నాయి.

అనవసరమైన సూచనలు రెండు విధాలు. తాళం వేసిన తలుపుపై "లోనికి ప్రవేశం లేదు" అన్నది మొదటి రకం, అది నిరపాయకరం. రెండవది అలా కాదు. మూత్రశాల లేని చోట "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అనీ, నీరు రాని కొళాయి పైన "నీటిని వృథా చేయరాదు" అనీ రాసినప్పుడు, కల్పించవలసిన సౌకర్యం స్థానంలో వాక్యం నిలుస్తుంది. కట్టడం కంటే రాయడం చౌక. సూచన ప్రదర్శించడంతో దస్త్రం ముగుస్తుంది. అవసరం మాత్రం గోడ ముందు నిలబడే ఉంటుంది.

తెలిసి నవ్వించే సూచనలూ లేకపోలేదు. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ లడఖ్ కొండదారులలో నిలిపిన ఫలకాలు, వేగాన్ని ప్రేమించే చోదకుని ప్రేయసి వలె చమత్కారంగా మందలిస్తాయి. అక్కడ మలుపు నిజం, లోయ నిజం. అవసరం ఉన్నచోట హాస్యం సూచనకు బలమే అయింది.

రాతిపై సూచన నిలపడం ఈ దేశంలో నిన్న మొన్నటి మాట కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడిలో నేటికీ ఉన్నాయి. జీవహింసను నిషేధించిన మొదటి శిలాశాసనం రాజు వంటశాలను దాచలేదు. అక్కడ ఇంకా రెండు నెమళ్లు, ఒక లేడి చంపబడుతున్నాయనీ, లేడి కూడా నిత్యం కాదనీ, ఇకపై అవి కూడా చంపబడవనీ ఒప్పుకొన్నది. నిషేధించినవాడు ఎవరో అందులో స్పష్టం. ఆ నిషేధానికి అతడూ బద్ధుడే. కళింగలోని ధౌలి, జౌగడ శాసనాలైతే తిష్య నక్షత్రం నాడు ప్రజలకు చదివి వినిపించాలని ఆదేశించాయి. రాసి నిలిపినంత మాత్రాన పని ముగియదని ఆనాటి ప్రభుత్వం గ్రహించింది.

ఆ సంప్రదాయానికి వారసత్వం "చేయరాదు" ఫలకాలలో లేదు. 1997లో ముఖ్యమంత్రుల సమావేశం ఆమోదించిన కార్యాచరణతో ఊపందుకున్న పౌర సేవా పత్రాలలో, 2005 సమాచార హక్కు చట్టం 4వ విభాగం కోరే స్వచ్ఛంద ప్రకటనలలో ఉన్నది. ఏ పని ఎన్ని దినాలలో జరుగుతుంది, బాధ్యుడైన అధికారి ఎవరు అని చెప్పే ఫలకం కార్యాలయాన్నే కట్టడి చేస్తుంది. చాలాచోట్ల అది బీరువా చాటున మసకబారి ఉంటుంది. "నిశ్శబ్దము పాటించుడు" మాత్రం ఎదురుగా మెరుస్తుంది.

నిష్ప్రయోజనమైన నూరు సూచనలను చూచీ చూడనట్లు దాటిపోయిన కన్ను, విద్యుత్ నియంత్రికపై ఉన్న "అపాయము"ను కూడా అలాగే దాటిపోతుంది. నవ్వు ఆగిపోయేది అక్కడే. కొత్త ఫలకానికి అనుమతి కోరే దస్త్రం బల్లపైకి వచ్చినప్పుడు, పాతవాటిలో దేనిని తొలగించవచ్చునో కూడా అందులోనే అడగడం మేలు.