ఆట కొన్నాక మొదలయ్యే పని

మైపాడులో మా అన్న ఇంటికి పోయినప్పుడల్లా నాకొక పని కాచుకుని ఉంటుంది. సముద్రపు గాలికి ఇనుప గేట్లే పెచ్చులూడిపోతాయి, కంప్యూటర్ లోపలి సన్నటి రేకులు ఏపాటి! మొన్న ఆదివారం కూడా అంతే. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, బీప్ బీప్‌మంటోంది, తెర మీద మాత్రం చీకటి. పక్క డోరు తీసి, క్లిప్పులు నొక్కి ర్యామ్‌ను బయటికి లాగాను. బంగారు రంగు పళ్ల మీద మసక పట్టి ఉంది. మా అన్న కొడుకు పెన్సిల్ రబ్బరు తెచ్చిచ్చాడు. గట్టిగా నొక్కకుండా, ఒకే దిక్కుగా, రెండు పక్కలా రుద్దాను. పొట్టు ఊదేసి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. సిస్టం లేచింది.

తెర వెలగ్గానే వాడు అడిగాడు: "చిన్నాయనా, జీటీఏ సిక్స్ మన సిస్టానికి ఎప్పుడొస్తాదంట?"

నా దగ్గర జవాబు లేదు. రాక్‌స్టార్ గేమ్స్ ఆ వీడియోగేమ్, అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6, తొలి ట్రైలర్‌ను 2023 డిసెంబర్‌లో వదిలింది. రెండుసార్లు వాయిదా వేసి 2026 నవంబర్ 19 అని తేదీ ప్రకటించింది. ఆ ప్రకటనలో ఉన్నవి ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ పేర్లే. పీసీ ఊసు లేదు.

కన్సోల్ కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అది చిన్న ఖర్చు కాదు. డబ్బొకటే కాదు. మా అన్న ఇంట్లో ఆ సిస్టం కొన్నది రొయ్యల గుంటల మేత లెక్కలకు. దాంట్లోనే హాల్‌టికెట్లు తీస్తారు, అప్లికేషన్లు నింపుతారు, పెళ్లి ఫొటోలు దాస్తారు. అవన్నీ అయ్యాక మిగిలిన వేళలో ఆట. ఈ తీరం ఊళ్లలో ఆట ఇంట్లోకి వచ్చిందే అట్లా, లెక్కల వెనకాల నడిచి. ఆటకోసమే ఒక పెట్టె కొనే ఇళ్లు ఇక్కడ చాలా తక్కువ.

ఈ ఎదురుచూపు కొత్తదీ కాదు. జీటీఏ 4 కన్సోళ్లకు 2008 ఏప్రిల్‌లో వస్తే పీసీకి డిసెంబర్‌లో వచ్చింది. జీటీఏ 5కు ఆ దూరం 19 నెలలు. అదే సంస్థ రెడ్ డెడ్ రిడెంప్షన్ మొదటి ఆట 2010లో వచ్చి, పీసీ గడప తొక్కింది 2024 అక్టోబర్‌లో. నిజానికి జీటీఏ వరుస పుట్టిందే పీసీ మీద. 1997లో స్కాట్లాండ్‌లోని డండీలో డీఎంఏ డిజైన్ తయారుచేసిన తొలి గ్రాండ్ థెఫ్ట్ ఆటో ముందుగా వచ్చింది కంప్యూటర్లకే. పుట్టింటివాళ్లకు కబురు ఆఖరున అందడం ఎవరికైనా నొప్పే.

నేను ఈ ఆటల్లో పడింది నెల్లూరులో చదువుకునే రోజుల్లో, ట్రంకు రోడ్డు పక్క సందులోని ఒక నెట్ సెంటర్‌లో. ఈ వరుసలోని వైస్ సిటీ పీసీకి 2003లో వచ్చింది. మా దాకా వచ్చింది మార్కర్‌తో పేరు రాసిన సీడీ, అంటే దొంగ కాపీ. ఆ సంగతి దాచిపెట్టి అభిమానం గురించి రాయడం న్యాయం కాదు. సంపాదన మొదలయ్యాక, స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో ధరలు రూపాయల్లోకి వచ్చాక, ఆ ఆటలన్నీ ఒక్కొక్కటే కొన్నాను, పాత బాకీ తీర్చినట్టు.

వైస్ సిటీ ఇన్‌స్టాల్ అయిన చోట ఎంపీ3 అనే ఫోల్డర్ ఒకటి ఉండేది. అందులో మన పాటలు పెడితే ఆటలోని కారు రేడియోలో అదొక స్టేషన్ అయి మోగేది. నెట్ సెంటర్ అన్న అందులో ‘ఒక్కడు’ పాటలు వేశాడు. మయామీని చూసి కట్టిన ఆ ఊళ్లో, సముద్రం పక్క రోడ్డు మీద, మణిశర్మ బాణీ! ఎక్కడో తయారైన ఆట ఒక్క సాయంత్రంలో మాదైపోయింది.

ఇంకోరోజు ఆ నెట్ సెంటర్ అన్న డేటా ఫోల్డర్‌లోంచి హ్యాండ్లింగ్ అనే ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపించాడు. వరుసకొక బండి, పక్కన అంకెలు: బరువు, వేగం, బ్రేకు. పీసీజే 600 బైకు వరుసలో ఒక అంకె పెంచి, సేవ్ కొట్టి, ఆట మళ్లీ తెరిచాం. బైకు పట్టు తప్పి పక్కకు జారిపోయింది. అంకె కొంచెం తగ్గించాం, మళ్లీ తెరిచాం. మళ్లీ తగ్గించాం. నాలుగింటికి కూర్చుంటే ఆరయింది. ఆ రెండు గంటల్లో ఆడింది పది నిమిషాలు కూడా ఉండదు. అయినా ఆ ఆట నాకు అర్థమైంది ఆ రోజే. దాన్ని మోడింగ్ అంటారని చాలా తర్వాత తెలిసింది.

సిస్టం మీద ఆడేవాళ్లకు ఆట కొన్న రోజుతో బేరం ముగియదు. పని అక్కడ మొదలవుతుంది. కొత్త విండోస్ వస్తే పాత ఆటను దానికి అతికిస్తారు, మసక బొమ్మలను తిరిగి గీస్తారు, తయారీదారు వదిలేసిన లోపాలను దిద్దుతారు. పాటల లైసెన్సు గడువు తీరిందని 2018లో జీటీఏ 4లోంచి ఎన్నో పాటలు తీసేశారు, అంతకుముందే కొన్నవాళ్ల కాపీల్లోంచి కూడా. వాటిని మళ్లీ వినగలిగే దారి చూపింది అభిమానులే.

ఆ చేతులకూ రాక్‌స్టార్ సంస్థకూ మధ్య చాలాసార్లు తగవైంది. 2017 జూన్‌లో మాతృసంస్థ టేక్‌టూ లీగల్ నోటీసుతో, చాలామంది మోడర్లు వాడే ఓపెన్‌ఐవీ అనే ఉపకరణం ఆగిపోయింది. స్టీమ్‌లో జీటీఏ 5 మీద కోపంతో రాసిన సమీక్షలు వేలల్లో వచ్చి పడ్డాయి. ఒంటరిగా ఆడుకునే మోడ్‌ల జోలికి మామూలుగా రాబోమని రాక్‌స్టార్ చెప్పాక ఆ నెలలోనే అది తిరిగొచ్చింది. 2021లో జీటీఏ 3, వైస్ సిటీల కోడ్‌ను ఓపిగ్గా విప్పి తిరిగి రాసుకున్న అభిమానుల మీద టేక్‌టూ కోర్టుకు పోయింది. అదే ఏడాది నవంబర్‌లో పాత మూడు జీటీఏ ఆటల కొత్త రూపు లోపాలతో వచ్చింది. అసలు ఆటలను అప్పటికే అమ్మకం నుంచి తీసేశారు. గోల పెద్దదయ్యాక రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి, పీసీ వాళ్లకు పాత ఆటలు తిరిగి ఇచ్చింది. ఆ క్షమాపణను నేను గౌరవిస్తాను. అది అడిగి తెచ్చుకోవాల్సి వచ్చిందన్నదే బాధ.

సంస్థ ఇబ్బందులూ నిజమైనవే. కన్సోల్ లోపలి సరుకు ఎక్కడైనా ఒకటే, సిస్టం ఇంటికొక తీరు. దొంగ కాపీల దెబ్బ ఉంది, ఆన్‌లైన్‌లో మోసగాళ్ల బెడద ఉంది. ముందు కన్సోల్‌కు చేసి, తర్వాత పీసీకి తీరిగ్గా దిద్దుతామంటే తప్పు పట్టలేను. కానీ ఆటను బాగుచేసేవాణ్నీ దొంగనూ ఒకే కంటితో చూడటం తప్పు.

దగ్గరికి తీసిన చోట ఏం జరిగిందో మన ముందే ఉంది. 1999లో ఇద్దరు కుర్రాళ్లు హాఫ్‌లైఫ్ మీద కట్టుకున్న మోడ్ కౌంటర్‌స్ట్రైక్. హాఫ్‌లైఫ్ చేసిన వాల్వ్ దాన్ని కొని వాళ్లకు ఉద్యోగాలిచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 చేసిన స్టూడియో 2009లో మూతబడితే, అభిమానులు కట్టిన మోడే 2013లో ఆ ఆటకు అధికారిక విస్తరణ అయింది. ఆ మాటకొస్తే రాక్‌స్టార్‌ కూడా ఈ దారి తొక్కింది. 2015లో జీటీఏ 5కు అభిమానులు కట్టిన ఫైవ్ఎం అనే ఆన్‌లైన్ మోడ్ వెనకున్నవాళ్ల ఖాతాలను నిషేధించిన సంస్థే, 2023 ఆగస్టులో ఆ బృందాన్ని తనలో కలుపుకుంది. ఇవాళ మన కుర్రాళ్లు రాత్రిళ్లు రోల్‌ప్లే సర్వర్లలో పోలీసులై, మెకానిక్‌లై, డ్రైవర్లై తెలుగులో మాట్లాడుకుంటున్నది అభిమానులు వేసిన ఆ బాట మీదే.

ఆడేవాడు తయారుచేసేవాడయ్యే చోటు కూడా సిస్టమే. హైదరాబాద్‌లోని ఓగ్రే హెడ్ స్టూడియో 2017లో తన ‘అసుర’ను పీసీకే తెచ్చింది. రాక్‌స్టార్‌కూ మన పక్క బెంగళూరులో స్టూడియో ఉంది, 2019లో అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్‌ను కొని దాన్ని పెంచుకుంది. రేపు అలాంటి చోట చేరే పిల్లలు ఇవాళ ఇలాంటి ఇళ్లలో, నోట్‌ప్యాడ్‌లో ఒక అంకె మార్చి చూస్తూ ఉంటారు.

మైపాడు ఒడ్డుకు ఎదురుచూడటం తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు వేట నిషేధం. ఇంజను పడవలన్నీ ఇసుక మీదే. ఆదాయం ఉండదు, కష్టమే. అయినా ఆ రోజుల్లో చిరిగిన వలలు కుట్టుకుంటారు, ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటారు, పడవకు రంగేసుకుంటారు. జూన్ 15 తెల్లారేసరికి నీళ్ల మీద ఉండాలని తెలుసు గనక ఓర్చుకుంటారు. ఆ తేదీయే లేకపోతే అవే 61 రోజులు ఎంత బరువో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు.

రాక్‌స్టార్‌ను పీసీ అభిమానిగా నేనడిగేవి రెండే. ఎంత ఆలస్యమైనా సరే, ఒక తేదీ చెప్పండి. వచ్చాక, విప్పి చూసుకునే ఫోల్డర్లకు తాళం వేయకండి.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ చూస్తే వాడు నా పాత వైస్ సిటీ తెరిచి ఉన్నాడు. రేడియోలో ఏవో కొత్త పాటలు, నాకు తెలియనివి. ఎంపీ3 ఫోల్డర్ సంగతి నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు, వాడే వెతుక్కున్నాడు. పొద్దున నేను వాడి పక్కన పెట్టిన రబ్బరు ముక్కను సీపీయూ మీద జాగ్రత్త చేసుకున్నాడు.