వాన రాకపోతే ఏం చెయ్యల్ల?

ఈ మధ్య నేను వరసగా చదివినవి రెండు రకాల పుస్తకాలు. ఒకటి మా రాయలసీమ కథలు, నవలలు. రెండోది జపాను వాళ్ళ బొమ్మల నవలలు, మంగాలు. రెండింటికీ పైకి ఏ పోలికా లేదు. అయినా రెండూ నన్ను పట్టి ఊపాయి. గొంతు పట్టేసిన పేజీలకు తిరిగి వెళ్ళి, అక్కడ రచయిత ఏం చేశాడా అని చూశాను. ఎండిన చేను వర్ణన దగ్గర నాకు ఏడుపు రాలేదు. బాంబు పడిన బొమ్మ దగ్గరా రాలేదు. ఆ కష్టం మధ్యలో ఒక మనిషి ‘ఇప్పుడేం చెయ్యల్ల?’ అని నిలబడిపోయిన చోట వచ్చింది. కరువు మనల్ని భయపెడుతుంది. కరువులో మనిషి తీసుకోవలసి వచ్చే నిర్ణయం మనల్ని ఏడిపిస్తుంది. సీమ కథకులు ఈ రహస్యాన్ని పట్టుకున్నారు, దాని చుట్టూ ఒక శిల్పాన్ని కట్టుకున్నారు.

గార్లదిన్నెలో ఉండి చదివేవాళ్ళకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. మా మండలం 44వ జాతీయ రహదారి మీద ఉంది. పెనకచర్ల దగ్గర పెన్న మీద ఎంపీఆర్ డ్యాం ఉంది, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు అందులోకి చేరతాయి. కాలువ అందిన చేను వరిని చూస్తుంది, అందని చేను మబ్బును చూస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొంచెం కూడా అదనుకు పడదు. మొదటి పదునుకే విత్తనం వెయ్యాలా, ఇంకో వానకు ఆగాలా? శెనక్కాయ పూత దాటి ఊడ దిగే వేళకు నేలలో తేమ లేకపోతే కాయ కట్టదు. అప్పుడు చేన్ని గొర్రెలకు వదలాలా, ఇంకో వారం చూడాలా? ఎద్దుల్ని అమ్మాలా, బోరు వెయ్యాలా, బెంగుళూరుకు బేల్దారు పనికి పోవాలా? ఇక్కడి సేద్యం ఇట్లాంటి ప్రశ్నల వరస. ప్రతి ప్రశ్నకూ గడువు ఉంటుంది, ఏ జవాబుకూ భరోసా ఉండదు.

చెరువు కట్ట మీది కోడలు

ఈ సంప్రదాయపు మొదటి గొప్ప కథ మా పక్క మండలానిదే. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతోంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని గ్రామదేవత మాట వినబడింది. ఆ పిల్ల ఒప్పుకుంది, ఇంట్లో అందరి దగ్గరా సెలవు తీసుకుని నీళ్ళలోకి నడిచింది. సి.పి. బ్రౌన్ 1853లో అచ్చు వేయించిన అనంతపుర చరిత్రలో ఉన్న ఈ ఉదంతాన్ని తీసుకుని, కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశారు. ఆధునిక తెలుగు కవిత్వం మొదలైన చోటును వెతికేవాళ్ళు ఈ కావ్యం దగ్గర తప్పక ఆగుతారు.

కరువు సీమ కథ వరదతో మొదలు కావడం వింత కాదు. ఏడాదికి ఒక్కసారి నిండే చెరువు తెగితే మళ్ళీ నిండే దాకా ఊరికి దిక్కు లేదు. అందుకే ఆ కట్టకు అంత విలువ, ఆ విలువను ఒక ఆడపిల్ల ప్రాణంతో చెల్లించమన్నారు. నాకు ఈ కథ తలచుకున్నప్పుడల్లా రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. ఆమె ఒప్పుకున్నందుకు కన్నీళ్ళు, ఒప్పుకోవలసిన స్థితిలో ఆమెను నిలబెట్టిన ఊరి మీద కోపం. నిర్ణయం ఆమె నోట వెలువడింది కానీ దాన్ని ఆమె నెత్తిన పెట్టింది వేరేవాళ్ళు. తర్వాతి సీమ సాహిత్యమంతా ఈ రెండో భావాన్నే పట్టుకుని నడిచిందని నేను నమ్ముతున్నాను. భరించే వాళ్ళు ఎవరు, నిర్ణయించే వాళ్ళు ఎవరు?

1950ల మొదట్లో సీమను పట్టుకున్న కరువులో గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఆ కాలపు వేడి చల్లారక ముందే శింగనమల మండలం తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాశారు. 1956లో అది పుస్తకమైంది. ఎండిన నది ఒడ్డున రంగన్న, గంగమ్మ అనే పేద దంపతుల బతుకు అందులో ఉంది. ఊరి కష్టాన్ని పాడాలంటే రాజు, రాణి అక్కర్లేదని, కూలి చేసుకునే ఆలుమగలు చాలునని ఈ నేల మీద తేల్చి చెప్పిన కావ్యం అది. ఆ దారిలోనే వచనం వచ్చింది.

లెక్కలో దాచిన దుఃఖం

సీమ కథ మొదటి నేర్పు లెక్క. సింగమనేని నారాయణ (1943–2021) రాప్తాడు దగ్గరి బండమీదపల్లెలో పుట్టారు, తెలుగు పంతులుగా పనిచేశారు. సేద్యం ఎట్లా జూదమైపోయిందో ఆయన ‘జూదం’ కథ పేరులోనే చెప్పారు. ఇట్లాంటి కథల్లో విత్తనాల ధర, అంగడి అప్పు, నూటికి వడ్డీ, బోరు ఎన్ని అడుగులకు దిగింది అన్న అంకెలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పరాయి పాఠకుడికి అవి వివరాల్లాగా కనిపించవచ్చు. లోపలివాడికి అవే గుండెదడ. రైతు మనసులో కూడికలు, తీసివేతలు చేసుకుంటుంటే మనమూ వాడితో పాటు చేస్తాం. లెక్క తేలదని వాడికంటే ఒక వాక్యం ముందే మనకు తెలిసిపోతుంది. వాడు మాత్రం ఇంకోసారి మొదటి నుంచి కూడుతుంటాడు. ఆ ఇంకోసారి దగ్గర పుస్తకం మూసి కాసేపు బయటికి పోవలసి వస్తుంది. రచయిత ‘అయ్యో’ అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు.

రెండో నేర్పు మాట. సీమ మనిషి దుఃఖాన్ని నేరుగా చెప్పుకోడు. ఎద్దుల్ని సంతకు తోలుకుపోతున్నవాడు భార్యతో ‘పగ్గం యాడ పెట్టినావు’ అంటాడు. ఆమె ‘ఆడే దూలానికుంది చూడు’ అంటుంది. అంతకు మించి ఒక్క మాట లేదు. యాసను పల్లెటూరి అలంకారంగా వాడేవాళ్ళు ఉన్నారు. మంచి సీమ కథకులు దాన్ని మౌనం దాచుకునే చోటుగా వాడారు. కథ చెప్పే గొంతు కూడా ఆ యాసకు దగ్గరగా జరిగే కొద్దీ రచయితకూ పాత్రకూ మధ్య ఎత్తుపల్లాలు పోతాయి. ఎవరో మన మీద జాలిపడుతున్నారన్న ఇబ్బంది చదువరికి ఉండదు.

మూడోది పనితనం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా వచ్చింది. మేత, నీళ్ళు లేక గొర్ల కాపరులు మందల్ని నల్లమలకు తోలుకుపోతారు. వాళ్ళతో పాటు ఇంజనీరింగు చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఉద్యోగం రాని కుర్రాడు రవి కూడా అడవిలో కాలు పెడతాడు. మంద ఎట్లా కదలాలి, రాత్రి ఎట్లా కాపు కాయాలి, పులి ఉన్న జాడ ఎట్లా తెలుస్తుంది. నవల ఈ విద్యలన్నీ ఓపికగా నేర్పుతుంది. మనకు పని తెలిసిపోతుంది గనుక, పులి ఎదురైనప్పుడు రవి ముందున్న దారులన్నీ మనకూ కనిపిస్తాయి. ఏ అడుగు తప్పో తెలిసి వణికే భయం అది. నవల చదివాక నాలో మిగిలింది గర్వం. డిగ్రీలు ఇవ్వని ధైర్యాన్ని ఆ కుర్రాడికి గొర్లు కాసే తండ్రి ఇచ్చాడు. రోడ్డు వారగా మందను తోలుకుపోయే మనిషిని ఇప్పుడు నేను పండితుణ్ణి చూసినట్టు చూస్తాను.

నాలుగోది కాలాన్ని బిగించడం. చిత్తూరు సీమ నుంచి వచ్చిన డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవల దీనికి శిఖరం. ఒక ముసలివాడు, తప్పిపోయిన ఈనే పంది, ఒక అడవి, ఒక రాత్రి, అంతే. అతడికి పేరు కూడా లేదు. పొద్దు గూకింది మొదలు గడియ గడియకూ ఒక నిర్ణయం ముందుకొస్తుంది. రాత్రి సన్నబడే కొద్దీ దారులు మూసుకుపోతుంటాయి. ఈ నవల చదువుతున్నంతసేపు నా చేతులు పిడికిళ్ళయి ఉన్నాయి. రెండు వానల మధ్య నడిచే సీమ కథల్లోనూ ఇదే బిగింపు ఉంటుంది. మృగశిర దాటిందా, ఆరుద్ర మిగిలిందా అన్న కార్తెల లెక్కే వాటికి గడియారం.

అన్ని పుస్తకాలూ కన్నీళ్ళే అడగవు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నాకు కోపం తెప్పించింది. హండే పాలకుల నాటి, పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురాన్ని చూపిన ఈ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అక్కడ నిర్ణయాలు కోటల్లో జరుగుతాయి, వాటి బరువు వాడల మీద పడుతుంది. కులం ఒక మనిషి చేతిలోంచి ఎంపికను ఎట్లా లాగేసుకుంటుందో చూస్తుంటే ముసలమ్మ నడిచిన కట్ట మళ్ళీ గుర్తుకొచ్చింది. నేల శాపం అంటే వాన లేకపోవడం ఒక్కటే కాదని ఈ నవల గట్టిగా చెబుతుంది.

గడికీ గడికీ మధ్య

ఇక మంగాలు. వాటిని నేను ఆంగ్లంలో చదివాను. కుడి నుంచి ఎడమకు చదవడం ఒక పూట కష్టమైంది, తర్వాత కళ్ళకు అలవాటైంది. కెయిజి నకజావా ‘బేర్‌ఫుట్ గెన్’ 1973లో ఒక పిల్లల వారపత్రికలో మొదలైంది. ఆయన ఆరేళ్ళప్పుడు హిరోషిమాలో అణుబాంబు నుంచి బయటపడ్డారు. తండ్రిని, అక్కను, తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు. కథలో కూలిన ఇంటి కింద ఆ ముగ్గురూ ఇరుక్కుని ఉంటారు, మంట దగ్గరికి వస్తుంటుంది. నిండు గర్భిణి అయిన అమ్మను తీసుకుని పొమ్మని కథానాయకుడైన పిల్లవాడు గెన్‌తో అంటాడు తండ్రి. ఉండాలా, పోవాలా? ఆ పిల్లవాడి ముఖాన్ని నకజావా గడి తర్వాత గడిలో మళ్ళీ మళ్ళీ చూపిస్తాడు. వచనంలో ఒక వాక్యంలో దాటిపోయే క్షణం అక్కడ పేజీలకు పేజీలు సాగుతుంది. తొక్కినా మళ్ళీ లేచే గోధుమ మొలకలా బతకమని ఆ తండ్రి కొడుకులకు చెబుతూ ఉండేవాడు. సేద్యపు ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా.

ఫుమియో కౌనో ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’ ఇంకా మెత్తగా వచ్చి ఇంకా లోతుగా గుచ్చుతుంది. బొమ్మలు వేసుకునే సుజు అనే అమ్మాయి హిరోషిమా నుంచి కురే ఊరికి కోడలిగా వస్తుంది. యుద్ధకాలపు రేషను బియ్యాన్ని వేయించి, ఎక్కువ నీళ్ళలో నానబెట్టి, ఉబ్బించి వండుతుంది. దారి పక్కన మొలిచిన ఆకులు కోసి కూర చేస్తుంది. అంబలిని పలచన చేసి ఇంటిల్లిపాదికీ సరిపెట్టిన సీమ అవ్వలకు ఆమె చెల్లెలు. ఒకరోజు ఆలస్యంగా పేలిన బాంబు ఆమె కుడిచేతిని, ఆ చెయ్యి పట్టుకుని నడుస్తున్న పసిపిల్లను తీసుకుపోయింది. పిల్లను ఇటు కాకుండా అటు పక్క నడిపించి ఉంటే అని సుజు మనసు తిరిగిన చోటే తిరుగుతుంది. ఆ తర్వాతి పేజీల్లో వెనకాల ఇళ్ళు, కొండలు వంకర టింకరగా ఉంటాయి. వాటిని కౌనో తన ఎడమ చేత్తో గీశారు. పాత్ర పోగొట్టుకున్నదాన్ని రచయిత్రి తన గీతలోనే పోగొట్టుకున్నారు. శిల్పమంటే ఇదీ అనిపించి చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

మంగా బలం గడికీ గడికీ మధ్య వదిలిన తెల్లటి సందులో ఉంది. ఒక గడిలో చెయ్యి తలుపు మీద ఉంటుంది, తర్వాతి గడిలో ఖాళీ గది. మధ్యలో జరిగింది మనమే పూరించుకోవాలి. సీమ కథలో పగ్గం గురించి అడిగి ఊరుకున్న రైతు మాటకూ, భార్య జవాబుకూ మధ్య ఉన్నదీ అట్లాంటి సందే. ఒకరు బొమ్మతో చేసింది ఇంకొకరు యాసతో చేశారు.

బొమ్మల్లో కథ చదవడం మనకు కొత్తదీ కాదు. లేపాక్షి మంటపం కప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రకారులు కథల్ని వరస బొమ్మలుగా వేశారు. దూడను చంపిన కొడుక్కి శిక్ష వేయవలసి వచ్చిన మనునీతి చోళుడు అక్కడ ఉన్నాడు. అదీ ఒక నిర్ణయం కథే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళ ఈనాటికీ బతికి ఉంది.

ఈ చదువు ఎందుకు

ఎన్ని మిల్లీమీటర్ల లోటు, ఎన్ని ఎకరాల నష్టం, ఎంత పరిహారం అన్నది పత్రికల్లో వస్తుంది. అది కావలసిందే. ఆ లెక్కల్లో రైతు నష్టపోయినవాడిగా మాత్రమే కనిపిస్తాడు. కథలో అతడు ఆలోచించేవాడు. రాత్రంతా మేలుకుని, భార్యతో మాట్లాడి, మబ్బును, అప్పును, బిడ్డ చదువును పక్కపక్కన పెట్టి తూచి, తెల్లవారి ఒక పని చేసేవాడు. ఆ పని ఓడిపోవచ్చు. ఓడినవాడు తెలివితక్కువవాడు కాదని ఈ సాహిత్యం మనకు నిరూపిస్తుంది. ఊరు విడిచి పోయినవాణ్ణి ‘పోయినాడు’ అని తేల్చేసే నోళ్ళను ఇది ఆపుతుంది. ఎంపికే లేకుండా చేసినవాళ్ళ వైపు వేలు చూపిస్తుంది. కన్నీటికి ఇంతకు మించిన ప్రయోజనం నాకు తెలియదు.

అందుకే ఈ పుస్తకాలు బళ్ళలోకి రావాలని కోరుకుంటున్నాను. సారాంశం రాయించడానికి కాదు. టీచరు గట్టిగా చదవాలి, మనిషి ఆగిపోయిన చోట తనూ ఆగాలి, ‘నువ్వైతే ఏం చేస్తావు?’ అని పిల్లల్ని అడగాలి. శెనక్కాయ చేలో పెరిగిన పిల్లలు చెప్పే జవాబులు ఏ విమర్శకుడికీ తీసిపోవు. మా పిల్లల్లో నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేసేవాళ్ళు బోలెడుమంది. ఫోన్లలో జపాను బొమ్మలు చూసి గీత నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. సింగమనేని లెక్కలోని దుఃఖం, కేశవరెడ్డి ఒక్క రాత్రి, కౌనో ఎడమచేతి గీత వీళ్ళ చేతికి అందిస్తే, సీమ రైతు కథను వాళ్ళే గడి గడిగా గీసి చెబుతారు. ఆ పుస్తకం తెలుగులో రావాలి, మా జిల్లా నుంచే రావాలి. దానికి కావలసిన కథలూ, చేతులూ ఇక్కడే ఉన్నాయి.